గోళ్ళ పొడి

లారీ డ్రైవరు కుడికాలి బొటనవేలు చూపించాడు. గోరు ఒక పక్క అరగదీసి ఉంది. రెండో పక్క మందంగా, పసుపుపచ్చగా అలాగే ఉంది.

"ఇదిగో, ఇక్కడిదాకా వచ్చాక ఆగిపోయింది," అన్నాడు.

డిటెక్టివ్ వంగి చూశాడు. మొన్న పాదాల క్లినిక్‌లో ఒక మనిషికి ఊపిరి ఎప్పుడు ఆగిందో చెప్పే గుర్తు ఆ గోరు ఒక్కటే. డ్రైవరు సాక్సు తొడుక్కోబోతుంటే ఆగమని మిగతా వేళ్ళూ చూశాడు. చిటికెన వేలి నుంచి నాలుగు గోళ్ళు పూర్తయ్యాయి. అంటే డ్రిల్లు చాలాసేపే తిరిగింది.

డ్రైవరు చెప్పింది ఇది. ముప్పై ఏళ్ళు పెడళ్ళు తొక్కాక అతని గోళ్ళకు బూజు పట్టింది, బూట్లు పట్టడం మానేశాయి. ఆ క్లినిక్‌కి వెళ్ళడం అదే మొదటిసారి. రోగి లోపల ఉంటే తలుపు గడియ పెట్టడం అక్కడి అలవాటు. పాదాలు చూసే ఆమె గడియ పెట్టింది. అక్కడికి వచ్చినవాళ్ళందరూ మాస్కు పెట్టుకోవాలి, అయినా అది తీసి మాట్లాడమని అతన్ని అడిగింది. డ్రిల్లు మొదలయ్యాక మాటల్లేవు. మూడో వేలి దగ్గర దగ్గింది. నాలుగో వేలికి దగ్గు ఎక్కువైంది. బొటనవేలు సగంలో ఉండగా డ్రిల్లు కింద పెట్టి, అలమరలో ఉన్న ఇన్‌హేలరు అందుకుని రెండుసార్లు పీల్చింది. మళ్ళీ స్టూలు దాకా రాలేదు. అతను ఒంటికాలితో గెంతుకుంటూ వెళ్ళి గడియ తీశాడు.

డిటెక్టివ్ మిషను చప్పుడు గురించి అడిగాడు.

"ఈల," అన్నాడు డ్రైవరు. "సన్నగా, చెవిలో సూది పెట్టినట్టు. గాలి ఫిల్టరు మూసుకుపోయిన బండి అలాగే ఏడుస్తుంది సార్. గాలి పోవడానికి దారి లేదన్నమాట."

"ఆమెకు చెప్పలేదా?"

"ఏమని చెబుతాను? ఆవిడ తొణకకుండా బెణకకుండా పని చేసుకుంటోంది. మిషను కూతే అంత అనుకున్నాను." సాక్సు తొడుక్కున్నాడు. బూటు చేతిలోకి తీసుకున్నాడు. "చెప్పాల్సింది."

*

క్లినిక్‌ను నలభై ఏళ్ళ కింద ఒకే కుర్చీతో మొదలుపెట్టింది అత్త. ఇప్పుడు ముందుగదిలో బల్ల దగ్గర కూర్చుంటుంది. తల్లీ తండ్రీ పోయిన మేనకోడళ్ళు ఇద్దరినీ పెంచి, పని నేర్పించి, వెనక పక్కపక్కన ఉన్న రెండు గదుల్లో కూర్చోబెట్టింది. ఒక గది అక్కది, ఒకటి చెల్లెలిది. పోయింది అక్క.

బూజు పట్టిన గోరు కత్తెరకు లొంగదు, డ్రిల్లుతో అరగదీయాలి. పొడిలో కంటికి కనిపించేది పళ్ళెంలో పడుతుంది. కనిపించనిది గాలిలో తేలుతూ ఉంటుంది. వాళ్ళు పెట్టుకునే మాస్కు దానికి జల్లెడతో సమానం. అందుకే డ్రిల్లు పక్కన ఒక గొట్టం ఉంటుంది. అది పొడిని పీల్చి మిషనులోని కాగితం సంచిలోకి పంపుతుంది. అన్నేళ్ళూ గొట్టానికి దొరకని పొడి అక్క ఊపిరితిత్తుల్లోకి పోయింది. డాక్టరు పని మానెయ్యమన్నాడు. ఇంకోసారి ఎక్కువగా పీలిస్తే ఇన్‌హేలరు చాలదని చెప్పాడు. ఆమె పని మానలేదు, అలాగని ఊరుకోనూ లేదు. ఈ పని చేసేవాళ్ళకు వచ్చే జబ్బుల మీద కార్మిక శాఖ విచారణ పెట్టింది. అందులో మొదటి సాక్షిగా చెబుతానని పేరిచ్చింది. ఆ విచారణ రేపు.

ఇన్‌స్పెక్టరు కేసు తేల్చేశాడు. కొత్త సంచి మూతికి గుండ్రటి స్టిక్కరు ఉంటుంది. అది పీకి సంచిని బిగించాలి. అక్క మిషనులోని సంచికి స్టిక్కరు అలాగే ఉంది. రోజూ పొద్దున్న రెండు మిషన్లకూ సంచులు మార్చేది చెల్లెలు. కాబట్టి నిర్లక్ష్యం వల్ల మరణం. అక్క బదులు విచారణలో తాను మాట్లాడతానని చెల్లెలు అడిగితే ఒప్పుకున్నాడు. రేపు అది అయిపోగానే అరెస్టు.

డిటెక్టివ్ వెళ్ళేసరికి ఆమె వెనక, కుళాయి గదిలో కత్తెరలు కడుగుతోంది. అతను వెనక నుంచి పలకరించాడు. తిరగలేదు. మళ్ళీ పిలిచాడు. చివరికి ఎదురుగా వెళ్ళి నిలబడితే ఉలిక్కిపడింది. కుళాయి చప్పుడనుకున్నాడు.

"మాస్కు తీసి మాట్లాడండి సార్," అంది.

తీశాడు. అత్తతో చెప్పకుండా అతన్ని పెట్టుకున్నది ఆమే. ఎందుకు పెట్టుకుందో ఇప్పుడు చెప్పింది.

"మీరు నన్ను కాపాడక్కర్లేదు. నేను స్టిక్కరు పీకానో లేదో తేల్చండి, చాలు. రోజూ చేసే పని కదా, చేతులకు గుర్తుండదు. తాళం వేశామా లేదా అని సగం దూరం పోయి వెనక్కి వస్తాం చూడండి, అలా మొన్నటి పొద్దుటికి వెనక్కి పోయి పోయి వెతుకుతున్నాను. దొరకడం లేదు. పీకలేదని తేలితే ఆ ఇన్‌స్పెక్టరు జీపు వేసుకుని రానక్కర్లేదు, నేనే నడిచిపోతాను."

ఏప్రను ఎడమ చేతి మీద ఒక తెల్లటి స్టిక్కరు అంటించి ఉంది. ఈ పొద్దున్న తన మిషను సంచికి పీకిందట. క్లినిక్ మళ్ళీ తెరిచింది ఇవాళే. ఇక మీదట ఏ రోజుది ఆ రోజు చేతికి అంటించుకుంటానంది.

అక్క గురించి అడిగాడు. మూడు నెలలుగా అక్క తనతో సరిగా మాట్లాడలేదని చెప్పింది. పిలిస్తే పలికేది కాదు. విచారణ జోలికి పోవద్దని తను అన్నందుకు అలిగిందనుకుంది. అలక తీర్చడం తన వంతు కాదని తనూ బిగుసుకుంది. రేపు అక్క బదులు తను వెళుతున్నట్టు అత్తకు ఈ పొద్దున్నే చెప్పింది.

"ఏమంది?"

"ఏమీ అనలేదు. భోజనం చేసి రా, మధ్యాహ్నం ఒక పేషెంటు ఉంది అంది." చెల్లెలు దగ్గింది. గోడవైపు తిరిగి దగ్గింది, వయసు దాచుకున్నట్టు.

*

అక్క గది సీలు తీయడానికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. డిటెక్టివ్ ఒకప్పుడు ఫ్యాక్టరీల్లో గాలి, దుమ్ము తనిఖీ చేసే ఉద్యోగం చేశాడు. ఇన్‌స్పెక్టరు అతనికి దగ్గు డిటెక్టివ్ అని పేరు పెట్టి, స్టేషనంతా ప్రచారం చేశాడు. ఎదురుపడితే మాత్రం గురువుగారూ అంటాడు.

గదిలో రోగి కుర్చీ, దాని ఎదుట మోకాలి ఎత్తు స్టూలు. ఆ స్టూలు మీద కూర్చుంటే నడుము వంచక తప్పదు. కుడిపక్క మిషను. తలుపు పైన, బయటి నుంచి పిలవడానికి బజరు. స్టూలు మీద కూర్చున్న మనిషి కంటికి ఎదురుగా, గోడ మీద, అదే పనికి ఒక చిన్న ఎర్ర బల్బు. బజరు మీద దుమ్ము పేరుకుంది. బల్బు మీద లేదు. దాని స్క్రూలు ఇంకా మెరుస్తున్నాయి.

ఇన్‌స్పెక్టరు తన లెక్క మళ్ళీ చెప్పాడు. ఆ రోజు పొద్దున్న వచ్చినవాళ్ళకు ఆనెలు కోయడమే సరిపోయింది, డ్రిల్లు తీయలేదు. మధ్యాహ్నం లారీ డ్రైవరు వచ్చాకే తీశారు. అందుకే అప్పటిదాకా సంచి సంగతి ఎవరికీ తెలియలేదు.

డిటెక్టివ్ ఆ సంచి చూపించమన్నాడు. ఇన్‌స్పెక్టరు ప్లాస్టిక్ కవరులో సీలు వేసి తెచ్చాడు, ముట్టుకోనివ్వనన్నాడు. డిటెక్టివ్ ముట్టుకోలేదు. అలమరలోంచి ఒక కొత్త సంచి తీసి అతనికే ఇచ్చాడు.

"రెండిటినీ రెండు అరచేతుల్లో పెట్టుకోండి."

"తూనికల శాఖలో చేరారా గురువుగారూ?"

"పెట్టుకోండి."

పెట్టుకున్నాడు. చేతులు మార్చి మళ్ళీ పెట్టుకున్నాడు. కవరు బరువు ఎంత అని అడిగాడు. డిటెక్టివ్ జేబులోంచి ఖాళీ కవరు తీసి కొత్త సంచి మీద వేశాడు. తేడా అలాగే ఉంది.

"మూతి మూసిన సంచిలోకి పొడి ఎక్కడినుంచి వచ్చింది?"

ఇన్‌స్పెక్టరు సంచిని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. అడుగున బూడిదరంగు పొర కనిపించింది.

డిటెక్టివ్ చెప్పాడు. పొద్దున్న చెల్లెలు స్టిక్కరు పీకింది. పొద్దున్న డ్రిల్లు తిరిగింది, పొడి సంచిలోకి పోయింది. లారీ డ్రైవరు వచ్చేలోపు ఎవరో ఇంకో సంచి స్టిక్కరు తెచ్చి దీని మూతికి అంటించారు.

ఇన్‌స్పెక్టరు నెమ్మదిగా నవ్వాడు.

"అయితే ఇది నిర్లక్ష్యం కాదు, హత్య. సంచుల్ని ముట్టుకునేది ఆ పిల్ల ఒక్కతే. అక్కాచెల్లెళ్ళ మధ్య మూడు నెలలుగా మాటల్లేవు. మీ మనిషికి రెండేళ్ళు పడేది, యావజ్జీవం చేసిపెట్టారు గురువుగారూ. ఇక రేపటిదాకా ఆగను. ఇవాళే తీసుకుపోతాను."

పిల్లను విడిపించే సాక్ష్యం అనుకుని తెచ్చింది ఆమె మెడకే తగిలింది. డిటెక్టివ్ గదిలో ఒకసారి అటు, ఒకసారి ఇటు నడిచాడు.

"పొద్దున్న డ్రిల్లు తీయలేదని మీకు ఎవరు చెప్పారు?"

"అత్త."

"సంచి వేరేగా చెబుతోంది."

"పెద్దావిడ. మరిచిపోయి ఉంటుంది."

"మరి ఈల? మూతి మూస్తే మిషను ఈల వేస్తుంది. అది వినగానే అక్క డ్రిల్లు ఆపి సంచి చూసుకుంటుంది. మూసినవాళ్ళకు ఆ భయం ఎందుకు లేదు?"

"ఈల ఆ లారీవాడి కల్పన. అత్త మూడడుగుల దూరంలో కూర్చుని ఏమీ వినలేదంది. మీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే."

డిటెక్టివ్ నడక ఆపాడు. ఎర్ర బల్బు వైపు చూశాడు. అది ఎప్పుడు పెట్టారని అడిగాడు. పోయిన ఏడు అత్తే రెండు గదుల్లోనూ పెట్టించిందని, బజరు మోగితే రోగులు ఉలిక్కిపడుతున్నారని చెప్పిందని ఇన్‌స్పెక్టరు అన్నాడు.

మాస్కు తీసి మాట్లాడమంది అక్క, లారీ డ్రైవరుతో. మాస్కు తీసి మాట్లాడమంది చెల్లెలు, తనతో. మిల్లుల్లో, కోత మిషన్ల దగ్గర అతను ఇలాంటివాళ్ళను చూశాడు. మిషను చెవి దగ్గర ఏళ్ళ తరబడి తిరిగితే ముందు సన్నటి చప్పుళ్ళు పోతాయి. పోయినట్టు ఆ మనిషికే తెలియదు. లోకమంతా గొణుగుతోందనుకుంటారు, ఎదుటివాళ్ళ పెదవులు చూసి సర్దుకుంటారు. అక్క అలగలేదు. ఆమెకు చెల్లెలి పిలుపు వినపడలేదు. చెల్లెలికి కూడా ఆ దారి మొదలైంది.

ఆ సంగతి ఆ ఇద్దరికన్నా ముందే తెలిసినవాళ్ళు ఒకరున్నారు. తెలిసి, బజరు మాని బల్బు పెట్టించారు.

*

అత్త బల్ల వెనక నుంచి లేవలేదు. నలభై ఏళ్ళు కత్తెర పట్టిన బొటనవేళ్ళు రెండూ లోపలికి వంగిపోయి ఉన్నాయి. కప్పు పట్టుకోవాలంటే రెండు అరచేతులూ వాడుతుంది. డిటెక్టివ్ మాట మొదలుపెట్టగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"మాస్కు తీసి మాట్లాడు బాబూ."

అతను తీశాడు. ఈ మాట రావడం ఇది మూడోసారి అనుకున్నాడు. తన మాస్కు మాత్రం ఆవిడ తీయలేదు. ఇన్‌స్పెక్టరు తలుపు దగ్గర నిలబడ్డాడు.

చెల్లెలి పేషెంటు లోపలికి వెళ్ళిందని, అరగంట దాకా ఆ పిల్లను కదిలించవద్దని అత్త ముందే చెప్పింది. డిటెక్టివ్ ఆ రోజు పొద్దుటి సంగతి అడిగాడు. ఆనెలే అంది. సంచిలో పొడి ఉందన్నాడు. అయితే డ్రిల్లు తీసిందేమో, తనకు వయసు మీద పడిందని చెప్పింది. మధ్యాహ్నం అక్క గదిలోకి ఎవరెవరు వెళ్ళారని అడిగాడు. తనూ, చిన్నదీ తప్ప ఎవరూ పోలేదంది. ఆ తరువాత చిన్నదాన్ని కత్తెరలు కడగడానికి వెనక కుళాయి గదికి పంపింది తనేనని కూడా చెప్పింది. మిషను ఈల వేసిందట కదా అంటే తల అడ్డంగా ఊపింది. ఈ బల్ల దగ్గర కూర్చుంటే చీమ చిటుక్కుమన్నా తనకు వినపడుతుందట.

విచారణ మాట ఎత్తేసరికి ఆవిడ గొంతు మారింది.

"పొడి నేను పీల్చలేదా? నడుము నాకు పోలేదా? ఈ చేతులు చూడు. నేను ఎవరి మీదైనా ఫిర్యాదు చేశానా? తల్లి లేని పిల్లలకు ఈ కుర్చీయే అన్నం పెట్టింది. ఆ కుర్చీకే తాళం వేయిస్తానని పెద్దది బయలుదేరింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే అదే బాబూ."

చెల్లెలి గదిలో డ్రిల్లు మొదలైంది. ముందు గుర్రుమంది. తరువాత ఆ గుర్రు మీద ఇంకో చప్పుడు లేచింది. సన్నగా, పైకి, ఇంకా పైకి. ఇన్‌స్పెక్టరు చెవిలో వేలు పెట్టుకుని వెనక్కి తిరిగాడు. చెవిలో సూది అని లారీ డ్రైవరు అన్నది ఇదే.

అత్త బల్ల మీద పెన్నులు సర్దుతోంది. కుర్చీ కొన్న ఏడాది సంగతేదో చెబుతూనే ఉంది.

"అమ్మా," అన్నాడు డిటెక్టివ్. "మీకేమైనా వినపడుతోందా?"

"ఏం వినపడాలి?"

అని, వాళ్ళిద్దరి ముఖాలూ చూసింది. పెన్నులు వదిలేసింది.

డిటెక్టివ్ అప్పటికే చెల్లెలి తలుపు దగ్గరున్నాడు. లోపల గడియ ఉంది. పిలిస్తే వినపడదు. పక్కన బల్బు స్విచ్చి నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. ఈల ఆగలేదు. వెనక్కి తిరిగి చూస్తే అత్త చెయ్యి ఏప్రను జేబు మీద ఉంది. జేబు ఉబ్బి ఉంది.

ఇన్‌స్పెక్టరు భుజంతో తలుపును గుద్దాడు. అది కదల్లేదు. లోపల దగ్గు మొదలైంది. డిటెక్టివ్ బల్ల వెనక్కి పరిగెత్తి, అత్త కుర్చీని పక్కకు నెట్టి, గోడ మీద మెయిను స్విచ్చి లాగేశాడు.

గదులన్నీ చీకటయ్యాయి. ఈల ఆగింది.

"కరెంటు పోయిందా అమ్మాయ్?" అని లోపల పేషెంటు ఎవరో అడిగింది.

దగ్గు వస్తూ వస్తూ సగంలో ఆగింది. ఇన్‌స్పెక్టరు రెండోసారి భుజం ఎత్తాడు. అప్పుడు గడియ కదిలింది.

చెల్లెలు తలుపు పట్టుకుని నిలబడింది. కనురెప్పల మీద పొడి. ఊపిరి కోసం భుజాలు లేస్తున్నాయి. ఇన్‌స్పెక్టరు ఆమెను గాలికి, వీధి గుమ్మం దగ్గరికి నడిపించుకుపోయాడు, అరెస్టు మాట ఎత్తకుండా. ఫోను తీసి అంబులెన్సు పిలిచాడు. డిటెక్టివ్ మిషను మూత తెరిచి, సంచి ఊడదీసి, వెలుతురులోకి తెచ్చాడు.

సంచి మూతికి తెల్లటి స్టిక్కరు ఉంది.

చెల్లెలు దాన్ని చూసింది. తరువాత తన ఎడమ చెయ్యి చూసుకుంది. పొద్దుటి స్టిక్కరు అక్కడే ఉంది. దాని మీద వేలు పెట్టింది. ఒక చివర లేచి ఉంటే నొక్కింది.

"పీకాను," అంది. ఊపిరి కూడదీసుకుని మళ్ళీ అంది. "మొన్న కూడా పీకాను."

డిటెక్టివ్ తలూపాడు.

ఇన్‌స్పెక్టరు అత్త ముందు చెయ్యి చాచాడు. ఆవిడ జేబులోంచి ఎర్ర బల్బు తీసి అతని చేతిలో పెట్టింది. వంగిన వేళ్ళకు అది జారబోతే అతనే పట్టుకున్నాడు. ఆవిడ గుమ్మం దాకా వచ్చి, మేనకోడలి ఎదుట నిలబడింది.

"నేనొకసారి స్టిక్కరు పీకడం మరిచి పూటంతా పని చేశాను. మిషను ఈల వేస్తోందని పేషెంటు చెబితేగానీ నాకు తెలియలేదు. పక్కనే ఉన్న మీకూ వినపడదని ఆ రోజే తెలిసింది. రేపొక్కరోజు నువ్వు మంచం దిగకపోతే చాలనుకున్నాను. మీ అక్క విషయంలోనూ అంతే అనుకున్నాను. ఆయాసం వస్తుంది, పడుకుంటుంది, విచారణ అయిపోయాక లేచి తిరుగుతుందనుకున్నాను."

ఇన్‌స్పెక్టరుకు ప్రతి మాటా వినపడింది. డిటెక్టివ్‌కూ వినపడింది. చెల్లెలు అత్త కళ్ళ వైపు చూసింది, మాస్కు వైపు చూసింది, మళ్ళీ కళ్ళ వైపు చూసింది.

"మాస్కు తీసి చెప్పు అత్తా," అంది.